చిలుకల వరుసలో పురుగు

ఫోన్లంటే నాకు నమ్మకం లేదు. చేతిలో పట్టుకుంటే వేడెక్కుతాయి, ఎందుకు వేడెక్కుతాయో ఎవరూ సరిగ్గా చెప్పరు. మొన్న మా మనవరాలు దాన్ని తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది.

"అమ్మమ్మా, గిది సూడు. ఎన్కటి ఆటంట. నువ్వు చిన్నగున్నప్పుడు గిట్లనే ఉండేదంట."

ఎవరు చెప్పారే అని అడిగితే ఫోనే చెప్పిందట. కండ్లద్దాలు పెట్టుకొని చూశాను. నల్లటి తెర మీద తెల్లటి పురుగులు. గడులు గడులుగా కోసి అతికించినట్టున్నాయి. అన్నీ ఒక్కటే తీరు, వరుస కట్టి పక్కకు జరుగుతున్నాయి, అంచుకు తగలగానే ఒక మెట్టు కిందికి దిగుతున్నాయి. నా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే కదిలాయి. ముడి వేసేటప్పటి కదలిక అది. ఆ పని మానేసి ఎన్నో ఏండ్లయింది. పిల్ల చూడకుండా చెయ్యి కొంగు కిందికి తీసుకున్నాను.

"తియ్యవతలికి. కండ్లు పోతయ్" అన్నాను.

పిల్ల ఫోను తీసుకొని పోయింది. పురుగులు మాత్రం పోలేదు. పొద్దంతా నా ముందే దిగుతూ ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే మీరే దిద్దుకోండి.

మాది చేనేత ఇల్లు. చౌటుప్పల్ పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. ఇంట్లో అడుగు పెడితే ముందు గుంట మగ్గం, దాని వెనక వంట జాగా. గంజి వాసన, ఉడికే రంగు వాసన, కాలిన నూనె వాసన, అన్నీ కలిసి ఒక్క వాసనగా ఉండేది. మా బువ్వకు కూడా ఆ వాసనే. పుంటికూర వండిన రోజు మాత్రం కూర గెలిచేది.

ఇంట్లో పెత్తనం మా అవ్వది, అంటే మా నాయినను కన్నతల్లిది. ఆమె గడపలో కూర్చొని తెగిన నూలు పోగులు ఏరేది. జానెడు పోగునైనా పారేయనిచ్చేది కాదు. వాటిని ముడివేసి, పేని, తాడు చేసి, ఆ తాడుతో చేదబొక్కెన కట్టేది. అమ్మకు నూలు ఇచ్చేటప్పుడు చిలపలు, అంటే నూలు చుట్టలు, లెక్కబెట్టి ఇచ్చేది, తీసుకునేటప్పుడు లెక్కబెట్టి తీసుకునేది. అమ్మ వేరే ఊరి పిల్ల. అది కూడా నేతగాండ్ల ఊరే, మా ఊరికి పడని ఊరు. ఆ ఊరివాళ్లు మా డిజైన్లు ఎత్తుకుపోతారని మావాళ్లనేవాళ్లు, మావాళ్లే ఎత్తుకుపోయారని వాళ్లనేవాళ్లు. అమ్మ వచ్చి పదమూడేండ్లయినా అవ్వ లెక్కలో ఇంకా ఆ ఊరి మనిషే.

మేము నేసేది చిటికి చీరలు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మిగతావాళ్లు బట్ట నేసినాక దాని మీద బొమ్మ వేస్తారు. మేము నేయకముందే నూలుకు బొమ్మ వేస్తాము. మాకు నూలిచ్చి, నేసిన బట్ట తీసుకునే చౌటుప్పల్ షావుకారు గడుల కాగితం మీద బొమ్మ గీసి పంపిస్తాడు. ఏనుగైనా, చిలుకైనా అన్నీ గడులే. నూలును ఆసు మీద పోస్తాము. ఆసు అంటే ఒక దిక్కు ఒక్క మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరుస. చెయ్యి అటూ ఇటూ వేల మార్లు తిరగాలి. పోసిన నూలు మీద కాగితంలో ఉన్నట్టు బొగ్గుతో గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట రబ్బరు పట్టీ బిగించి ముడి వేస్తాము. రంగులో ముంచి ఆరబెట్టి ముడి విప్పితే కట్టిన చోటు తెల్లగా ఉంటుంది. అప్పటికి అది చిలప చుట్టిన నూలే. బొమ్మ ఏమిటో మగ్గం మీదికి ఎక్కినాకనే తెలుస్తుంది.

నా చెయ్యి ఆసుకు కుదిరిందని అవ్వే నన్ను బడి మాన్పించింది. సారు ఒకసారి ఇంటికి వచ్చి అడిగాడు. అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చి, "ఆడిపిల్లకు ఎక్కాలొస్తె సాలు సారూ. గడులు లెక్కవెట్టుకుంటది" అన్నది. నాకు వచ్చిన దుఃఖమంతా లెక్కల నోటుబుక్కు గురించే. దానిలో సగం కాగితాలు ఖాళీగా ఉన్నాయి. వాటిని దాచుకున్నాను.

రబ్బరు పట్టీలు మేము పాత సైకిలు ట్యూబులు కోసి చేసుకునేవాళ్లం. పదిహేను రోజులకోసారి నాయిన షావుకారుకు బట్ట అప్పజెప్పడానికి చౌటుప్పల్ పోయేవాడు. నన్ను వెంట తీసుకొని పోయి సైకిలు షాపు ముందు దింపేవాడు. చెడిపోయిన ట్యూబులు ఏరుకొని మూట కట్టుకోవడం నా పని. ఆ షాపును ఆనుకొని ఒక గది ఉండేది. అంతకుముందు దాంట్లో ఒక సాయిబు రేడియోలు బాగుచేసేవాడు. అందరూ ఆయనను రేడియో భాయ్ అనేవాళ్లు. నాకు పన్నెండేండ్లున్న ఎండకాలం ఆయన రేడియోలన్నీ ఒక మూలకు జరిపి, వాకిలికి నల్లటి పరదా కట్టి, లోపల టీవీకి ఒక డబ్బా తగిలించాడు. పిల్లలు గుంపుగా వచ్చి ఆడేవాళ్లు. పరదా వెనక నుంచి కుయ్ కుయ్‌మని కోడిపిల్లను తొక్కినట్టు చప్పుడు.

ఊరంతా ఆ గది మీద కన్నేసి ఉంచింది. కండ్లు పోతాయన్నారు. బుర్ర కరిగి ముక్కులోంచి వస్తుందన్నారు. పట్నం నుంచి తెచ్చాడంటే ఏదో ఉందన్నారు. అవ్వ సంగతి విని, "ఉత్తగ ఎవడన్న పరద కడ్తడా? లోపట ఏముందో గదే సెప్తాంది, బయట వెట్టేటిది కాదని" అన్నది. నాకూ అదే అనుమానం. అయితే అనుమానం ఉన్నచోటికి పోయి చూడటం నా గుణం, ఇప్పటికీ అంతే.

మధ్యాహ్నం పూట ఆ గది ఖాళీగా ఉండేది. పరదా పక్కన పీట వేసుకొని భాయ్ వాళ్లమ్మ కూర్చునేది. అందరూ ఆమెను అమ్మీ అనేవాళ్లు. ఒళ్లో పాన్‌దాను, కాళ్ల దగ్గర విసనకర్ర. నేను పరదా సందులోంచి తొంగి చూడటం కనిపెట్టింది.

"దొంగసూపులెందుకే? లోపల్కి వచ్చి కూసో. నేనున్న కదా" అన్నది.

"నేను ఆడను" అన్నాను.

"ఆడమని ఎవలన్నరు? ఎండల మాడకు, రా."

లోపల గోడకు ఆనుకొని కూర్చున్నాను. తెర మీద పురుగులు దిగుతున్నాయి. కింద ఒక చిన్న బండి. భాయ్ పిడిని అటూ ఇటూ తిప్పుతూ ఒక్కొక్కదాన్ని కాల్చేస్తున్నాడు. నేను బండిని చూడలేదు, పురుగునే చూశాను. నా వేళ్లు వాటంతట అవే లెక్కబెట్టాయి. అడ్డం పది గడులు, నిలువు ఎనిమిది. తలకు రెండు కొమ్ములు, మూడో వరుసలో కండ్లకు రెండు గడులు ఖాళీ, కింద కాళ్లు. ఎక్కడా ఒక్క గీత వంకర లేదు. అది బొమ్మ కాదు, మా గడుల కాగితమే.

నాయిన రాగానే చెయ్యి పట్టుకొని గుంజుకొచ్చాను. ఆయన పరదా ఎత్తి నిలబడ్డాడు. కండ్లు చిట్లించి పురుగు కాళ్ల దిక్కే చూశాడు.

"భాయ్, గీ డిజైను నీకెవలిచ్చిండ్రు?" అన్నాడు చివరికి.

"డిజైనేందన్నా? గది ఆట."

"ఆటనే. బొమ్మ గీసినోడు ఎవడు?"

"నాకేమెర్క? డబ్బల వచ్చింది."

"డబ్బల ఎట్లొస్తది? ఎవడో ఒకడు గడులు గీయంగనే రావాలె. గిది మా పని. గీ కాళ్లు సూడు, గిట్ల మెట్లుమెట్లుగ తెంపుడు సిటికోడు తప్ప ఎవడు సెయ్యడు. ఏ ఊరోడు అమ్మిండు నీకు?"

భాయ్ డబ్బాను చేతిలోకి తీసుకొని కింద మీద తిప్పి చూశాడు, నిజంగానే మా ఊరివాడి పేరేమన్నా ఉంటుందేమో అన్నట్టు. అమ్మీ నోట్లో పాన్ ఉమ్మకుండా నవ్వలేక అవస్థ పడింది. "ఓ అన్నా, సల్లటి నీళ్లు తాగు. మా వోడు రేడియోనే సక్కగ బాగుసెయ్యలేకపాయె. నీ డిజైను దొంగతనం సేసేంత తెల్వి ఏడుంది వానికి" అన్నది.

నాయిన నీళ్లు తాగాడు గానీ అనుమానం మింగలేదు. బస్సులో ఇంటిదాకా చుట్టుపక్కల ఊర్ల నేతగాండ్లను ఒక్కొక్కరినే తలచుకుంటూ వచ్చాడు. ఇంట్లో చెబితే అవ్వ అమ్మ దిక్కు చూసింది.

ఆ ఎండకాలం నేను ట్యూబుల కోసం ఎన్నిసార్లు పోతే అన్నిసార్లు ఆ గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఒక్కసారే ఆడాను. అమ్మీ బలవంతంగా పిడి చేతికిచ్చింది. బండి నిమిషంలో పేలిపోయింది. నాకు ఆ బండి అంటేనే ఇష్టం లేదు, దాని మీదే అనుమానం. పై నుంచి వచ్చేవి ఏం చెయ్యడానికి వస్తున్నాయో కనుక్కోకుండానే కాలుస్తుంది.

"అవి దిగితే ఏమైతది?" అని భాయ్‌ని అడిగాను.

"దిగితే ఆట ఒడుస్తది బేటీ."

"ఒడిసినంక?"

"ఏం కాదు. మల్ల మొదటికొస్తది."

నేను నమ్మలేదు. అంత వరుసగా, అంత ఓపికగా దిగేవి ఊరికే దిగవు. భాయ్‌కి తెలిసి ఉంటుంది, చెప్పడం లేదు అనుకున్నాను. సరే, నేనే కనుక్కుంటానని లెక్కల నోటుబుక్కు తీశాను. కండెలు చుట్టడం అయినాక, అవ్వ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు, వడ్ల గుమ్మి వెనక కూర్చొని గడి గడికీ గీసేదాన్ని. మొదటి కాగితంలో పురుగులు మా ఊరి పొలిమేర గుట్ట మీద దిగాయి. రెండో కాగితంలో వాగు దాటాయి. వాటికి ఆకలి లేదు, దాహం లేదు. మరి దేనికి వచ్చాయి? నాలుగు రోజులు ఆలోచించాను. జొన్నరొట్టె చేతిలో పట్టుకొని తినడం మరిచిపోయి అమ్మతో తిట్లు కూడా తిన్నాను. ఐదో రోజు తోచింది. వాటి ఒంటి మీద బట్ట లేదు. పైన నేతగాండ్లు లేరు. బట్ట కోసం వస్తున్నాయి.

ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. పురుగుల కులాలు, పురుగుల పెండ్లిండ్లు, కొమ్ములు అడ్డం రాకుండా రుమాలు కట్టుకునే తీరు, వాటి పిల్లలకు గుడ్డ ఊయల. ఉన్న కాగితాలు అయిపోతే అట్ట వెనక గీశాను. నా బతుకులో అంత సంతోషం నేను మళ్లా ఎరగను. ఎవరికీ చూపించలేదు. చూపిస్తే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు.

ఆ నెలలోనే షావుకారు ఒక కొత్త డిజైను పంపించాడు. కొంగు నిండా చిలుకల వరుసలు. ఈ కాగితం ఎవరి కంటా పడొద్దని గట్టిగా చెప్పి పంపించాడు. ఈ మధ్య తన డిజైన్లు అవతలి ఊరి మగ్గాల మీద కనపడుతున్నాయట. నూలు తూచి ఇచ్చాడు, బట్టా తూచి తీసుకుంటాడు. ఒక్క చీర తగ్గినా లెక్క చెప్పాలి.

సరిగ్గా అప్పుడు నాయినకు జ్వరం తగిలింది. గొంగడి కప్పుకొని మంచంలో ఉన్నాడు. అమ్మ గుర్తులు పెట్టింది, నేను ముడులు వేశాను. చిలుక తర్వాత చిలుక, చిలుక తర్వాత చిలుక. చివరి వరుసలో చివరి చిలుక దగ్గరికి వచ్చేసరికి అమ్మ పొయ్యి మీద గంజి పొంగుతోందని లేచి అటు పోయింది. నేను ఆ నూలు దిక్కు చూశాను. పురుగులు ఎన్ని మార్లు దిగాయో, అన్ని మార్లూ బండి కాల్చేసింది. ఒక్కటైనా దిగాలి కదా అనిపించింది. అమ్మ పెట్టిన బొగ్గు గుర్తులు వేలితో తుడిచేసి, పది గడుల అడ్డం, ఎనిమిది గడుల నిలువు కట్టేశాను. కాగితం చూడనక్కర లేకపోయింది.

అమ్మ వచ్చి మూట కట్టి రంగులో వేసింది. ముడులు ఆమే విప్పింది. ఏమీ అనలేదు. నేను తప్పించుకున్నాననుకున్నాను.

నాయిన లేచి మగ్గం ఎక్కినాక పన్నెండో రోజు మధ్యాహ్నం, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు ఆగిపోయింది. మా ఇంట్లో నాడె ఆగితే అందరూ తల ఎత్తుతారు. నాయిన గుంటలోంచి అవ్వను పిలిచాడు. అవ్వ వంగి చూసింది. చిలుకల చివర ఒకటి కొమ్ములతో, ఆరు కాళ్లతో నిలబడి ఉంది. చిటికిలో అంచులు ఎప్పుడూ కొంచెం మసకగా పారతాయి. అందుకని దానికి బొచ్చు మొలిచినట్టుంది. తెర మీద కన్నా బాగుంది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేకపోయాను.

"ఎవల పనిది?" అన్నది అవ్వ.

అమ్మ పొయ్యి దగ్గరి నుంచి వచ్చి నిలబడింది.

"గుర్తులు వెట్టిందెవలు?" అని అమ్మ దిక్కు తిరిగింది. "మీ ఊర్లున్న నీ అన్నలు అడిగిండ్రా? గీ చీర మాదే అని ఆనవాలు వట్టెతందుకు గీ గుర్తు వెట్టమన్నరా?"

"నేనెందుకు వెడ్త అత్తమ్మా" అన్నది అమ్మ.

"మరి నూలు దాన్నదే ముడేసుకుందా?"

నాయిన అమ్మనూ అనలేదు, అవ్వనూ ఆపలేదు. తలవంచి పోగు సరిచేసుకున్నాడు. ఆ తలవంచడం నాకు ఇప్పటికీ కనపడుతుంది. పెండ్లాం మీద అనుమానపడటానికి మనసు రాక, పడకుండా ఉండటానికి ధైర్యం చాలక వంచిన తల అది.

నేను చెప్పాలి. గుమ్మి వెనకకు పోయి చెప్పడానికి మాటలు కూర్చుకున్నాను. నేనే కట్టానంటే ఎక్కడ చూశావంటారు. పరదా గదిలో అంటే, ఎందరితో కూర్చున్నావంటారు. మొగపిల్లలు ఆడే గదిలో ఎదిగే పిల్ల కూర్చుందని ఊర్లో తెలిస్తే ఏమవుతుందో నాకు పన్నెండేండ్లకే తెలుసు. మా వాడకట్టులో ఒక పిల్లకు అంతకన్నా చిన్నమాటకే నెల తిరగకముందే పుస్తె కట్టించారు. పైగా నోటుబుక్కు. అవ్వ దాన్ని పొయ్యిలో పెట్టకుండా ఉండదు. మాటలు కూర్చుకుంటూనే వారం గడిపాను.

ఆ వారంలో అవ్వ నూలు పెట్టె తాళం చెవి తన బొడ్లోనే పెట్టుకుంది. అమ్మ చేతికి చిలప ఇవ్వలేదు. అమ్మ వండితే తిన్నది గానీ అమ్మ వడ్డిస్తే తినలేదు, తానే పెట్టుకుంది. షావుకారు చీర తిప్పికొడితే కోడలిని పుట్టింటికి తోలుతానని పక్కింటామెకు వినపడేటట్టు చెప్పింది. అమ్మ ఎప్పటిలాగే పనిచేసుకుంది. ఒక్కమాట ఎదురు చెప్పలేదు. నాకు దాని మీదా అనుమానం వచ్చింది. తప్పు లేని మనిషి ఇంత నిమ్మళంగా ఎట్లా ఉంటుంది? ఒకవేళ అమ్మ కూడా ఏమన్నా చేసిందేమో అని కూడా అనుకున్నాను. అట్లా అనుకున్నానని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

బట్ట అప్పజెప్పే రోజు ట్యూబుల వంకతో నేనూ వెంట పోయాను. ఈసారి సైకిలు షాపు దగ్గర ఆగకుండా నాయిన వెనకాలే షావుకారు ఇంటికి పోయాను. షావుకారు తెల్లటి జంపఖానా మీద చీర పరిపించి మోకాళ్ల మీద వంగి చూస్తాడు. చివరి వరుస దగ్గర ఆగాడు.

"గిదేంది?"

"జరమొచ్చింది షావుకారీ. కట్టుడుల పొరపాటైంది" అన్నాడు నాయిన.

"పొరపాటైతె సిలుక ముక్కు వంకర వోతది. గిది పొరపాటు కాదు, గడి తప్పకుంట ఉన్నది. ఎవనికి గీ గుర్తు? ఏ యాపారికి?"

"నా బిడ్డ మీదొట్టు, నాకెర్క లేదు."

"నీకెర్క లేకుంట నీ ఇంట్ల ఎవలు కడ్తరు? నిజమన్న సెప్పు, లేకుంటె రేపటి సంది నీ మగ్గానికి నా నూలు రాదు."

నాయిన నోరు తెరిచాడు. అమ్మ పేరు వస్తుందని నాకు తెలిసిపోయింది. ఆయన పెదవుల మీద అది కనపడింది.

"నేనే కట్టిన" అన్నాను.

షావుకారు నన్ను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. "బాగ నేర్పి తెచ్చినవోయ్" అన్నాడు నాయినతో. "గీ పోరి గడుల కాయితం గీస్తదా? నా గుమస్తాకే రాదు."

గడుల కాగితం, పెన్సిలు నా ముందు పడేశాడు. నేను కింద కూర్చొని కాళ్ల నుంచి మొదలుపెట్టాను. ఒక్క గడి కూడా తప్పలేదు. ఆయన చీర మీద లెక్కబెట్టుకున్నాడు, కాగితం మీద లెక్కబెట్టుకున్నాడు. అయినా నమ్మలేదు. "గీసుడొచ్చు. సూపెట్టిందెవలు?" అన్నాడు.

"రేడియో భాయ్ డబ్బల సూసిన."

అప్పుడు నాయిన ముఖం మారింది. ఆయనకు ఆ కాళ్లు జ్ఞాపకం వచ్చాయి. "షావుకారీ, ఉన్నది. నేను సూసిన. నడువుండ్రి" అన్నాడు.

షావుకారు చెప్పులేసుకున్నాడు. ముగ్గురం రోడ్డు దాటాం. అమ్మీ పీట మీద నుంచి నన్ను చూసింది, నా వెనక వస్తున్న ఇద్దరిని చూసింది. షావుకారు పరదా ఎత్తి, తెర ముందు స్టూలు మీద కూర్చొని, వేలుతో తెర మీదే గడులు లెక్కబెట్టాడు. పురుగులు జరిగిపోతుంటే వేలు కూడా వాటి వెంట జరిగింది.

"పది, ఎనిమిది" అన్నాడు. తర్వాత భాయ్ దిక్కు తిరిగి, "గీ డిజైను ఎవలది?" అన్నాడు.

భాయ్ రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకున్నాడు. "నేతోళ్లందరు నన్ను గిదే అడుగుతరేందన్నా? ఇగ డబ్బ ఇప్పుత, నువ్వే ఎతుక్కో."

"గీ పోరి ఈడికొచ్చి ఆడుతదా?"

నేను కండ్లు మూసుకున్నాను. అమ్మీ పరదా అవతల నుంచే జవాబిచ్చింది. "ఆ బిడ్డ ఆడదు. వచ్చినప్పుడల్ల నా కాడ కూసుంటది. మద్యాన్నం పోరగాండ్లెవలు ఉండరు, నేనే ఉంట. ఇంకేమన్న అడిగేదుంటె నన్నడుగు, ఆ పిల్లనడగకు."

షావుకారు పరదా దిక్కు ఒకసారి చూసి తెర దిక్కు తిరిగాడు. పిడి పట్టుకొని చూశాడు. తిప్పడం చేతకాలేదు. పురుగులన్నీ మెట్టు మెట్టు దిగి అడుగుకు వచ్చాయి, తెర ఆగిపోయింది.

"ఒడిసిందా? మరి గవి దిగి ఏంజేసినయ్?" అన్నాడు.

భాయ్ మీట నొక్కి ఆటను మళ్లా మొదటికి తెచ్చాడు. జవాబు నా దగ్గర ఒక నోటుబుక్కు నిండా ఉంది. చెప్పలేదు. చెబితే మరుసటి నెల అది ఆయన డిజైనుగా ఎవరి మగ్గం మీదికో ఎక్కుతుందని నా అనుమానం. ఆ అనుమానం తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

ఆయన చీర తిప్పికొట్టలేదు. మడత లోపలికి పురుగు పోయేటట్టు మడిచి మిగతావాటితో కలిపేశాడు. నూలు మామూలుగానే తూచి ఇచ్చాడు. ఆ చీర ఎక్కడికి పోయిందో తెలియదు. ఎవరో కట్టుకునే ఉంటారు, రంగు పారిన చిలుక అనుకొని.

బస్సులో నాయిన నూలు మూట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. దిగేముందు మాత్రం, "ఇగ ట్యూబులకు నేనే వోత" అన్నాడు. అంతే. ఆ గదికి నేను మళ్లా పోలేదు. రెండేండ్ల తర్వాత నా పెండ్లి ఊరేగింపు ఆ రోడ్డు మీదుగానే పోయింది. అప్పటికి అక్కడ పరదా లేదు, మందుల షాపు ఉంది.

ఇంటికి వచ్చి గడపలోనే నిలబడి అవ్వతో చెప్పాను. అమ్మ కాదు, నేను అని. అవ్వ చేతిలోని పోగులు అట్లాగే పట్టుకొని నా దిక్కు చూసింది. కొడుతుందనుకున్నాను. బొడ్లోంచి తాళం చెవి తీసి, లేచి, మగ్గం పక్కన ఉన్న చిలుక్కొయ్యకు తగిలించి పెరట్లోకి పోయింది. అమ్మతో ఏమీ అనలేదు. పెద్దవాళ్లు కోడండ్ల దగ్గర తప్పు ఒప్పుకునే ఇండ్లు ఉంటాయేమో, మాది కాదు.

అమ్మ పొయ్యి దగ్గర రొట్టె కొడుతూ ఉంది. పక్కన కూర్చున్నాను.

"అమ్మా, అది నేనే కట్టిన."

"ఎర్కనే."

"నాయిన సెప్పిండా?"

"ముడులిప్పింది నేను గాదా. నువ్వు ముడి ఎడమ దిక్కు తిప్పి బిగిస్తవ్. నేను కుడి దిక్కు." రొట్టె పెనం మీద వేసింది. "గా ఒక్క సిలుక కాడ ముడులు ఎక్కువున్నయ్. ఏదో వెట్టినవనుకున్న."

"మరి అవ్వ నిన్నంటుంటె సెప్పకపోతివి?"

"సెప్తె నీ బుక్కు కాలవెట్టేది."

నోటుబుక్కు సంగతి ఆమెకు తెలుసని నాకు అప్పుడే తెలిసింది. చూశావా అని అడగబోయాను. రొట్టె పొంగింది, ఆమె దాన్ని తిప్పి, వేళ్లతో ఒత్తి, మొదటిది నాకు వేసింది. నేను తింటుంటే నా దిక్కు చూడకుండా, "గవ్విటికి చీరలు గట్టినవ్ గని, కుచ్చిళ్లు వెట్ట మర్సినవ్" అన్నది.

తర్వాత నేను కూడా కోడలినయ్యాను, అత్తనయ్యాను. తాళం చెవి బొడ్లో పెట్టుకున్నాను. నూలు లెక్కబెట్టి ఇచ్చాను, లెక్కబెట్టి తీసుకున్నాను. ఎవరేం చేస్తున్నారో కనుక్కోవడంలో నాకు మించినవాళ్లు లేరు. కనుక్కున్న మరుక్షణమే నలుగురి ముందు పెట్టేదాన్ని. అమ్మ ఒకటి కనుక్కొని వారం రోజులు నోరు మెదపకుండా మోసింది. షావుకారు నిజంగానే నూలు ఆపేసి ఉంటే, అవ్వ నిజంగానే పుట్టింటికి తోలి ఉంటే, అప్పుడైనా చెప్పేదా అని చాలాసార్లు అడగాలనుకున్నాను. ఆమె ఉన్నన్ని రోజులూ అడగలేదు. అప్పుడు కూడా చెప్పేదాన్ని కాదనే అంటుందని నా అనుమానం, ఆ మాట వినడానికి ధైర్యం లేకపోయింది.